నాయన తుపాకీ మీద నా సంతకం

లండన్, కెనడా
కార్తీక మాసం, ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి ఓబులేసుకు అన్న నారాయణ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మన సుజాత, అల్లుడు, మనవరాలు మేఘన వేళకు తిని తిరుగుతున్నాం. నీ మోకాలు ఎలా ఉంది, మరదలు రమాదేవికి బీపీ ఎంతలో ఉంది, మేనత్తకు దగ్గు తగ్గిందా, అన్నీ వేరువేరుగా రాయి. అందరం బాగున్నాం అని ఒక్క ముక్కలో కొట్టేయకు, అలా రాస్తే నాకు నిద్ర పట్టదు. నా గురించి మాత్రం బెంగ వద్దు. నేను బాగున్నాను. చలి మొదలైంది కాని బాగున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్‌లో నేను రెండో మాట ఎత్తేసరికి నువ్వు "సర్లే అన్నా" అంటావు. కాగితానికి ఆ రోగం లేదు, చివరిదాకా కూర్చుని వింటుంది.

నువ్వు పంపిన పత్రం అందింది. సుజాత ప్రింట్ తీసి ఇచ్చింది. నాయన పోయాక పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన జోడు గొట్టాల తుపాకీని నీ కొడుకు హరి పేరుకు మార్చడానికి, మనిద్దరికీ అభ్యంతరం లేదని సంతకాలు కావాలి. నీది పడింది. నా పేరు కింద గీత ఖాళీగా ఉంది. దసరాలోపు పంపమన్నావు. దసరా పోయింది, దీపావళి కూడా పోయింది. హరి రోజూ "పెదనాయనా, సైన్ అయిందా" అని మెసేజ్ పెడుతున్నాడు. వాడికి తొందర ఉంది. నాయకుడి వెనక నలుగురితో కలిసి తిరిగేటప్పుడు భుజాన తాత తుపాకీ ఉంటే ఆ విలువే వేరని వాడి లెక్క. నువ్వు కూడా అదే అన్నావు: "నాయన ఒక్క మనిషి మీద పేల్చింది లేదన్నా. అది భుజాన ఉంటే చాలు, జనం మర్యాదగా ఉంటారు."

ఆ మాటకే ఈ జవాబు. మధ్యలో దారి తప్పుతాను, నీకు తెలిసిన జబ్బే.

ముందు మా వీధి సంగతి చెప్పాలి. (మేనత్తకు మళ్ళీ చెప్పు, ఇది రాణిగారి లండన్ కాదని. కెనడా వాళ్ళకు కూడా ఒక లండన్ కావాలనిపించి పెట్టుకున్నారు. పక్కన పారే ఏరుకు కూడా థేమ్స్ అనే పేరు పెట్టారు. మన పక్క ఊళ్ళో నాటకాలోళ్ళు కోడలికి సీత వేషం వేసి ఇంట్లో కూడా సీతమ్మా అని పిలిచేవాళ్ళు చూడు, అలాంటి పని.) మధ్యాహ్నాలు ఇక్కడ మనిషి అలికిడి ఉండదు. అందరూ ఉద్యోగాలకు పోతారు. ఉన్నవాళ్ళు ఇళ్ళల్లో ఉంటారు. నేను మేఘనను స్కూలు బస్సు ఎక్కించి వచ్చి, బియ్యం కడిగిపెట్టి, కిటికీ దగ్గర కూర్చుంటాను. చెట్ల ఆకులు ఎర్రగా, పసుపుగా మారి వాటంతట అవే రాలుతుంటాయి. నలభై ఏళ్ళు చెనిక్కాయల మిల్లు పక్కన నిలబడ్డ చెవులు నావి. డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే ఆకు రాలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. తీసేస్తే లోకమంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది.

ఇక దసరా రోజుల్లో ఇక్కడ హాలోవీన్ అనే ఇంకో పండుగకు తయారవుతుంటారు. ప్రతి ఇంటి ముందు పుర్రెలు, ఎముకల గూళ్ళు, ఉరి వేసుకున్నట్టు చెట్లకు వేలాడే బొమ్మలు, పచ్చికలో గోరీరాళ్ళు. ఎదురింటి జానెట్ ముప్పై దాటిన మనిషి, బడిలో పంతులమ్మ. నా కుండీలోని కరివేపాకు వాసన చూసి ముచ్చటపడుతుంది. ఆమె కూడా మెట్ల పక్కన మట్టిలోంచి బయటికొచ్చే చేతిని పెట్టింది. ఆమెకు ఎమ్మా అని నాలుగేళ్ళ కూతురు. ఆ పిల్ల దాని మీదే గొంతుకూర్చుని బిస్కెట్టు తింటుంది. నన్ను చూస్తే "హాయ్ తాతా" అంటుంది. తాత అంటే నా పేరనుకుంది.

తెలుగు సంఘం వాళ్ళు దసరాకు నాటిక వేశారు. దర్శకుడు విశాఖపట్నం అబ్బాయి, సాఫ్ట్‌వేర్. "అంకుల్, మునసబు వేషం మీరే వెయ్యాలండీ. ఆ మీసం ఇక్కడ ఇంకెవరికి ఉందండీ బాబూ" అన్నాడు. మునసబు అనగానే నాకు నాయన తప్ప ఎవరు గుర్తొస్తారు? తుపాకీ లేని మునసబును నేను చూడలేదయ్యా అన్నాను. "మీ ఇష్టం అంకుల్, మీరే చేసుకోండి" అన్నాడు.

చేశాను. గ్యారేజీలో పది రోజులు కూర్చున్నాను. పక్కింటి వాల్టర్ అనే ముసలాయన మంచి చెక్క ముక్క ఇచ్చాడు. నీళ్ళ గొట్టాలు రెండు జోడించి నల్ల రంగు వేశాను. తుపాకీ మడమ దగ్గర నాయన చెయ్యి తగిలి తగిలి అరిగిన పల్లం ఉండేది కదా, అది కూడా చెక్కాను. కళ్ళు మూసుకుని తడిమితే నాయనదే అనిపించింది. అల్లుడి పాత బెల్టు కోసి పట్టీ పెట్టాను. వాల్టర్ వచ్చి చాలాసేపు చూసి, "బాగుంది. దీనికి ఒక పెట్టె కూడా చెయ్యి" అన్నాడు. పరిహాసమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

రిహార్సలు శనివారం మధ్యాహ్నం. సుజాతకు ఆస్పత్రిలో డ్యూటీ, అల్లుడు కారులో దింపి, "మామయ్యా, అయిపోయాక ఎవరో ఒకరు దింపుతారు, అది డిక్కీలో పెట్టి తీసుకురండి" అని చెప్పి పోయాడు. అయిపోయేసరికి మంచి ఎండ. ఇల్లు ఇరవై నిమిషాల నడక. ఇంకొకరిని అడగడమెందుకని బయలుదేరాను. పంచె, తలపాగా, పైన చలికోటు, భుజాన తుపాకీ. హాల్లో పిల్లల గోలకు చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాను.

దుప్పటిలో చుట్టుకోవాలని తట్టలేదా అని అందరూ అడిగారు. తట్టింది. ఆ దర్శకుడి దగ్గర దుప్పటి కూడా ఉంది. నేనే వద్దన్నాను. మన దగ్గర తుపాకీని చుట్టి తీసుకుపోయేవాడు ఎవడు? దొంగ, లేకపోతే ఎవరినో చంపబోయేవాడు. భుజాన వేసుకుని నలుగురూ చూసేలా నడిచేవాడు దొర. నాయన మనకు నేర్పింది అదే కదా, దాచిన ఆయుధం నేరమని. పరాయి దేశంలో ముసలివాణ్ణి, నా వల్ల ఎవరికీ అనుమానం రాకూడదని, అందరికీ కనిపించేలా వేసుకుని నడిచాను. ఇంత జాగ్రత్తపడ్డాను.

పెద్ద రోడ్డు మీద బస్సు స్టాపు దాటుతుండగా బస్సు వచ్చింది. స్టాపులో నా పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉండాలి, ఇందాక చూశాను. ఇప్పుడు లేదు. బస్సు ఆగలేదు. డ్రైవరు నా వైపు తిరగకుండా, మెడకు కర్ర కట్టినట్టు నేరుగా చూస్తూ పోయాడు. లోపల తలకాయలు ఒక్కటీ కనిపించలేదు, ఖాళీ బస్సనుకున్నాను. అందరూ సీట్ల కింద కూర్చున్నారని తర్వాత తెలిసింది.

మా వీధిలోకి తిరిగాను. ఒక ఇంటి ముందు కారు కడుగుతున్న గొట్టం నేల మీద పడి నీళ్ళు కాలువలా పారుతున్నాయి. మనిషి లేడు. ఇంకో ఇంటి ముందు కారు తలుపు తెరిచి ఉంది. సరుకుల సంచీ ఒరిగి ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ రోడ్డు మీదికి వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. తీసి సంచీలో పెట్టాను. "హలో" అన్నాను. ఎవరూ లేరు. చెవి మిషను లేకపోవడం వల్ల లోకం ఇలా ఉందేమోనని జేబులోంచి తీసి పెట్టుకున్నాను. పెట్టుకున్నాక కూడా మనిషి గొంతు లేదు, కుక్క అరుపు లేదు. ఆ కారు తలుపు తెరిచి ఉందని టింగు టింగుమని కొట్టుకోవడం, నీళ్ళు పారడం, నా చెప్పుల చప్పుడు. అంతే.

ఓబులేసూ, ఆ వీధిలో గాలికి కదులుతున్నవి ఆ బొమ్మ శవాలు మాత్రమే. కిటికీల్లో తెరలు ఒకదాని తర్వాత ఒకటి, నేను దాటే వరసలోనే, కొద్దిగా కదిలి ఆగుతున్నాయి. నాకు ఒక వింత ఆలోచన వచ్చింది. నేను చచ్చిపోయానేమో, ఆ సంగతి నాకు ఇంకా తెలియదేమో అని. చచ్చినవాడు మొదటి రోజు ఇలాగే ఇంటికి నడుస్తాడేమో. నిజం చెబుతున్నాను, నాడి చూసుకున్నాను.

జానెట్ ఇంటి దగ్గరికి వచ్చేసరికి మెట్ల పక్కన ఎమ్మా కూర్చునే చోట సగం బిస్కెట్టు, ఒక చిన్న బూటు ఉన్నాయి. రెండోది లేదు. నేను ఆ బూటు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వెనక నుంచి మైకులో గొంతు. కదలొద్దని. తిరిగి చూస్తే రోడ్డుకు అడ్డంగా రెండు పోలీసు కార్లు, తలుపుల వెనక నలుగురు, నా వైపు తుపాకులు. ఎప్పుడు వచ్చారో తెలియదు. ఇక్కడ సైరను కూడా వెయ్యకుండా వస్తారట.

అప్పుడు నేను చేయబోయిన పని విను. ఎస్సైగారు వస్తే నాయన ఏం చేసేవాడు? భుజాన ఉన్నది తీసి, రెండు చేతులా పట్టుకుని, వంగి చూపించేవాడు. అదీ మర్యాద. నా చెయ్యి దానంతట అదే పట్టీ మీదికి పోయింది. నలుగురూ ఒక్కసారి అరిచారు. వాళ్ళలో ఒక పిల్లవాడి గొంతు పగిలింది, మీసం సరిగా రాని వయసు. ఆ గొంతు విని నా చెయ్యి ఆగింది. నాకంటే వాడే ఎక్కువ భయపడుతున్నాడని అర్థమైంది.

మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. "ఆపరేషన్ అయింది సార్, వంగవు" అని ఇంగ్లీషులో అరిచాను. చివరికి చేతులు చాచి పచ్చికలో బోర్లా పడుకున్నాను, గోరీరాయి పక్కన, తలపాగా ఊడిపోయి. వాళ్ళు వచ్చి తుపాకీ ఎత్తారు. అది తేలిగ్గా లేచేసరికి ఎత్తినవాడు తూలాడు. వాడి చేతి తొడుగుకు నా నల్ల రంగు అంటుకుంది. పొద్దున వేసిన పూత, ఇంకా ఆరలేదు. వాడు ఆ రంగు చూసి, నన్ను చూసి, పోయి కారు బానెట్ మీద చేతులు పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు.

కేసు లేదు. తుపాకీ తీసుకుపోయారు. "సార్, ఈ వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఫోన్ వచ్చింది" అన్నాడు పెద్ద ఆఫీసరు. ఖాళీ అనుకున్న వీధి నిండా కళ్ళున్నాయన్నమాట. నాటికలో కర్ర పట్టుకుని వేషం వేశాను. చప్పట్లు బాగానే కొట్టారు.

సుజాత ఇంటికొచ్చి నన్ను చూసి ఏడవలేదు, అరిచింది. "నాన్నా, ఆ పిల్లాడి వేలు ఒక్క ఇంచి కదిలుంటే నేను పనిచేసే ఎమర్జెన్సీకే నిన్ను తెచ్చుండేవాళ్ళు. తెలుసా నీకు?" మేఘన ఒక మూల నిలబడి, "తాతా, దే థాట్ యూ వర్..." అని ఆపేసింది. ఇప్పుడు బస్సు దగ్గరికి నడిచేటప్పుడు ఆ పిల్ల నాకు రెండడుగులు వెనకాల నడుస్తుంది. నేను ఆగితే తనూ ఆగుతుంది.

నాకు అన్యాయం జరిగిందనే ఉండేది మొదట. ఎముకలు వేలాడదీసుకునే జనానికి కట్టెముక్క అంటే ఇంత భయమా అని. వాల్టర్‌తో అదే అన్నాను. ఆయన నన్ను ఇంట్లోకి తీసుకుపోయి, కింద గదిలో ఇనుప బీరువా చూపించాడు. జింకల వేటకు పోయే మనిషి, లోపల ఆరు తుపాకులు. "నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నాను. ఈ వీధిలో ఒక్కరు కూడా వీటిని చూడలేదు. అడవిలో చేతికి వస్తాయి, అడవిలోనే సంచీలోకి పోతాయి. నా ఇంట్లో ఏముందన్నది వేరే సంగతి నారాయణా. అవతలివాడు తన పిల్లను పట్టుకుని నిలబడినప్పుడు దాన్ని వాడి కంటికి చూపించకూడదు" అన్నాడు. సరిహద్దు దాటి అమెరికాకు పోతే కొన్ని చోట్ల నడుముకు పిస్తోలు పెట్టుకుని కాఫీ కొట్లో వరసలో నిలబడతారట, ఎవరూ తలతిప్పి చూడరట. అల్లుడి స్నేహితుడు చూసి వచ్చి చెప్పిన ఆ సంగతి ఆయనతో అన్నాను. "చూడరు. చూడటం లేదని ఆ పిస్తోలువాడికి తెలిసేలా చూడరు" అన్నాడు వాల్టర్. ఆ మాట నాకు బస్సు డ్రైవరు మెడను గుర్తు చేసింది.

నాలుగు రోజుల తర్వాత జానెట్ యాపిల్ పండ్లతో చేసిన పిండివంట పట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఫోన్ చేసినవాళ్ళలో నేను కూడా ఉన్నాను" అంది.

"నేనని తెలియక చేశావులేమ్మా" అన్నాను.

"తెలుసు. మీ మీసం చూశాను. మీరేనని తెలుసు" అంది. "అయినా చేశాను."

ఆమె పోయాక ఆ పళ్ళెం ముందు చాలాసేపు కూర్చున్నాను. నేనేనని తెలుసు. రోజూ ఆమె బిడ్డకు చెయ్యి ఊపే మనిషిని. అయినా భుజాన అది ఉంటే ఆ మనిషి లెక్కలోకి రాలేదు.

ఓబులేసూ, అప్పుడు నాకు మన బజారు గుర్తొచ్చింది. సాయంత్రం నాయన తుపాకీ వేసుకుని చేల మీదికి బయలుదేరేవాడు. వెనక మనిద్దరం, నీ చేతిలో తూటాల సంచీ. మనం మలుపు తిరగకముందే ముందు వీధిలో రోకలి చప్పుడు ఆగేది. అరుగుల మీది మాటలు ఆగేవి. మన ఎదురింటి సుంకమ్మవ్వ, అప్పుడు పడుచుది, చాటలో బియ్యం అలాగే వదిలేసి లోపలికి పోయి తలుపేసుకునేది. మనం రొమ్ము విరుచుకుని నడిచాం. దారి ఇస్తున్నారనుకున్నాం. మర్యాద అనుకున్నాం. అరవై ఏళ్ళు అనుకుంటూనే ఉన్నాను.

అనుకోవడమెందుకు, ఆమె బతికే ఉంది కదా అని మొన్న ఆమె మనవరాలి ఫోన్‌కు చేశాను. ఇక్కడ రాత్రి భోజనాల వేళ, మీకు తెల్లవారింది. కోళ్ళు వినిపిస్తున్నాయి.

"ఎవురూ? నారాయణప్పా? ఆ లండన్‌లోనే ఉండావా నాయనా? మీసం ఉందా తీసేస్తివా?"

"ఉందవ్వా. నిన్ను ఒకటి అడగల్ల. నిజం చెప్పల్ల."

"పొయ్యే కాలంలో అబద్దం చెప్పి యాడికి మోసుకపోదును? అడుగు."

"మా నాయన తుపాకీ ఏసుకోని బజార్లో వస్తాంటే నువ్వు లోపలికి పొయ్యి తలుపేసుకుంటాంటివి. ఎందుకవ్వా?"

కోళ్ళను అదిలించింది. తర్వాత అంది, "మీ నాయన మంచోడప్పా. నన్ను ఒగ మాట అన్న పాపాన పోలేదు."

"తెలుసు. మరెందుకు?"

"బిడ్డలు ముగ్గురూ ఇంట్లోనే ఉండారా లేదా అని సూసుకుంటాంటి. సీకటింట్లో తలకాయలు తడిమి సూసుకుంటాంటి. మీ చెప్పుల సప్పుడు పోయినాంక తలుపు తీస్తాంటి." అంతలోనే గొంతు తగ్గించింది, పక్కన ఎవరో ఉన్నట్టు. "ఇన్నేండ్లకు ఇదెందుకు అడుగుతాండావు నాయనా? మళ్ళా బయటికి తీస్తాండారా దాన్ని?"

లేదని ఎలా చెప్పను, పత్రం నా మోచేతి కింద ఉంది. నా మౌనం ఆమెకు వినిపించింది. ఫోన్ పక్కకు పెట్టి మనవరాలిని కేకేసింది: "ఒమ్మే, పిల్లోడు యాడుండాడు సూడు. లోపలికి తీసుకరా." అడుగుల చప్పుడు. తర్వాత గొళ్ళెం పడింది. ఇన్ని వేల మైళ్ళ నుంచి, నా చెవి మిషనులో, స్పష్టంగా. ఫోన్ కట్ అయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నేను సంతకం పెట్టడం లేదు. హరికి కోపం వస్తుంది, రానీ. పెదనాయన కెనడా పోయి పిరికివాడయ్యాడని చెప్పుకుంటాడు, చెప్పుకోనీ. ఆ తుపాకీ ఎవరి పేరా వద్దు, పోలీసులే ఉంచుకుని నాశనం చేయాలని వేరే కాగితం రాసి, దాని మీద సంతకం చేసి ఇందులో పెట్టాను. కింద నీ సంతకానికి చోటుంది. నిన్ను బలవంతపెట్టను. నాయనను నేనేమీ తప్పు పట్టడం లేదు, ఆ తలుపుల వెనక ఏముందో ఆయనకూ తెలిసి ఉండదు. మనకు తెలిసింది కదా, ఇక తెలియదని అనలేం.

వచ్చేవాళ్ళుంటే కొర్రలు, మరదలు చేతి ఎర్రకారం కొంచెం పంపు. ఎక్కువ వద్దు. మేనత్త కాళ్ళకు నా బదులు నువ్వు దండం పెట్టి, ఆమె ఏమని దీవించిందో మాట పొల్లుపోకుండా రాయి. హరిని దగ్గరికి తీసుకుని తల నిమిరినట్టు చెప్పు. నేను బాగున్నాను, వేళకు మందులు వేసుకుంటున్నాను.

సంతకం సంగతి తర్వాత ఆలోచించు. ఈ ఉత్తరం చదవగానే ముందు ఎదురింటికి పో. ఒక్కడివే పో, హరిని వెంట తీసుకుపోవద్దు. చేతులు ఖాళీగా, కనిపించేలా పెట్టుకుని వాకిట్లోనే నిలబడు. తలుపు తట్టకు. "ఎవరూ బయటికి తియ్యడం లేదవ్వా" అని గట్టిగా చెప్పు. ఆమె తలుపు తీసేదాకా అక్కడే ఉండు.

మీ అందరి మంచి కోరే
అన్న నారాయణ